రాణి బొటనవేలు

ఫాంటసీ నవలలు రాసే మహిపాల్, వాట్సాప్‌లో పాఠకులు పంపిన ప్రశ్నలకు హనుమకొండ ఇంట్లో కూర్చుని జవాబులిస్తున్నాడు.

"మగ్గం మీద తెగిన పోగును మీ నవలల రాణి ఎడమచేత్తోనే ఎందుకు ముడేస్తది సార్?"

"యుద్ధంలో కత్తి తగిలి కుడి బొటనవేలు తెగింది" అని పెట్టాడు.

వెంటనే తెలియని నంబరు నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది. "యుద్ధమెక్కడిది? కత్తెరతోని ఆడుకుంట తమ్ముడే కోసిండు గదా?"

ఆ సంగతి ఏ భాగంలోనూ లేదు. నోట్‌బుక్‌లో రాసి తనే కొట్టేశాడు. గబగబా బీరువా తెరిచాడు. నోట్‌బుక్ పెట్టినచోటే ఉంది. అయితే ఎవరో ఫొటోలు తీసుకుని ఉండాలి. టైపు చేసేవాడా? పబ్లిషరు మనిషా?

ఆ నంబరుకు ఫోన్ చేశాడు. "ఎవలు మీరు? నా నోట్‌బుక్ ఎవలిచ్చిండ్రు?"

అవతల మగ్గం చప్పుడు ఆగింది.

"నోట్‌బుక్కేంది తమ్మీ? నేను కాశిబుగ్గల ఉండే మీ అక్కను. నా బిడ్డ ఫోన్ నుంచి అడిగిన."

మహిపాల్ బీరువా తలుపు మూస్తుంటే అక్కే మళ్లీ అంది.

"నాయిన నిన్ను కొడ్తడని అప్పుడు నా వేలు నేనే కోసుకున్ననని చెప్పిన. నాయిన పోయి పదేండ్లాయె. ఇంక ఎవలు కొడ్తరని భయం రా నీకు?"