తాగుబోతు సినిమా

అబిడ్స్‌లో ఒక పాత సినిమా హాలు, మ్యాట్నీ. తెర మీద తాగుబోతు మొగుడు పెళ్లాం కాళ్లు పట్టుకుని ఏడుస్తున్నాడు. కిందటేడు తాగుడు మానేసిన బాలరాజు కూడా ఏడుస్తున్నాడు.

“ఇప్పుడేడుస్తున్నవా? నాంపల్లి స్టేషన్ కాడ పడిపోతే ఆటోల ఏసుకొచ్చిన. గప్పుడు రాలే గీ కన్నీళ్లు. సీసా కనవడితే సిగ్గిడిసే జాతి మీది!” అంది భార్య అనురాధ.

బాలరాజు కళ్లు తుడుచుకున్నాడు.

తిట్టీ తిట్టీ గొంతెండిందేమో, ఆమె సంచిలోంచి కూల్‌డ్రింక్ సీసా తీసింది. మూత తిప్పి, వేలు తడిపి, అలవాటుగా మూడు చుక్కలు నేల మీద చల్లింది.

తాగే ముందు భూదేవికి అలా చుక్కలు వదలడం వాళ్ల ఊళ్లో అందరికీ అలవాటే. కల్లుకు వదులుతారు, మందుకు వదులుతారు. కూల్‌డ్రింక్‌కు ఎవరూ వదలరు.

“ఎప్పటిసంది, అనురాధా?” అన్నాడు బాలరాజు.

“సప్పుడు జేయక సినిమా చూడు,” అందామె.