ఊరందరికీ నోటికొచ్చిన నాటకం

కర్ర మార్చింది వెంకట్రామే. నాటకంలో వాడేది గుడ్డ చుట్టిన జనుము కట్టె. దాన్ని తెర వెనక పడేసి, అలాగే గుడ్డ చుట్టిన తుమ్మకర్ర తెచ్చుకున్నాడు.

దంతాలపల్లిలో ఏటా శ్రీరామనవమి సాయంత్రం ఆడే ప్రేమ నాటకం అది. ముప్పై ఏళ్లుగా అదే నాటకం, అవే నవ్వులు. కుర్రాళ్లు కూడా ఆ పూట ఫోన్లు జేబులో పెట్టేస్తారు. కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసే తండ్రి, ఆమె ప్రేమించినవాణ్ణి పెళ్ళిపందిట్లో చితకబాది, చివరికి తనే పిల్లనిస్తాడు. ఆ తండ్రి వేషం వెంకట్రాందే. పెళ్ళికూతురు వేషం ఎల్లేశ్‌ది. తాళి పడేదాకా ముఖాన ముసుగు, నోట మౌనవ్రతం. ఆఖర్న ముసుగు తీసి ఒక్క మాట అనాలి: "బాపూ, ఇగ తాళం పారెయ్యి." ఆ మాట ఊరంతా కలిసి అంటుంది.

వెంకట్రాం కూతురు మేఘన, చెప్పులు కుట్టే పోశయ్య కొడుకు సాకేత్‌నే చేసుకుంటానంది. ఆనాటి నుంచి ఆమె గదిలో ఉంది. తాళంచెవి వెంకట్రాం మొలతాడుకుంది.

"హీరో వేషం సాకేత్‌కే ఇయ్యున్రి" అని ఆయనే చెప్పాడు. ఊరు ఆయన పెద్దమనసును మెచ్చుకుంది. స్టేజీ మీద ప్రాణం పోతే పొరపాటంటారు. అదీ ఆ పెద్దమనసు.

నాటకం రోజు మధ్యాహ్నం ఎప్పట్లాగే ఎల్లేశ్ వేషం కట్టుకోవడానికి వెంకట్రాం ఇంటికొచ్చాడు. పెళ్ళికూతురికి కట్టేది వెంకట్రాం భార్య సరోజన పట్టుచీరే, అది ఆనవాయితీ. కూతురికి అన్నం పెట్టొస్తానని సరోజన తాళంచెవి తీసుకుంది. ముసుగులో పెళ్ళికూతురు స్టేజీకి బయలుదేరాక వెంకట్రాం గదిలోకి తొంగిచూశాడు. తలదాకా దుప్పటి. ఏడ్చి ఏడ్చి పడుకుందనుకుని తనే తాళం వేసి, చెవి మళ్ళీ మొలతాడుకు కట్టుకున్నాడు.

పందిరి రంగం వచ్చింది.

మొదటి దెబ్బ సాకేత్ మోకాలి మీద పడింది. జనం నవ్వారు. రెండో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు మైకులో వినిపించింది. ఇంకా నవ్వారు. పోరడు ఈసారి మస్తు జేస్తుండని ముందు వరసలో సోమనర్సయ్య మురిసిపోయాడు. బోర్లా పడి నోట్లోంచి నెత్తురు వస్తే రంగనుకున్నారు.

మూడో దెబ్బ తలకే ఎత్తాడు. పెళ్ళికూతురు సాకేత్ మీద అడ్డంపడింది. అది నాటకంలో ఉన్నదే. ఆగాల్సిన కర్ర ఆగలేదు. గాజులు పగిలి మణికట్టు చీరుకుపోయింది. ఏటా ఇక్కడ మౌనవ్రతం మరిచి ఎల్లేశ్ పెట్టే కేకకు పొట్టలు పట్టుకునే జనం ఆ కేక కోసం ఎదురుచూశారు. అది రాలేదు.

వెంకట్రాం మళ్ళీ కర్ర ఎత్తాడు. ఈలోగా నాటకంలో ఆయన అనాల్సిన మాటను ఊరే అందుకుంది.

"నా బిడ్డ నీదేరా, అల్లుడా!"

ఆడామగా ఒక్క గొంతుతో అన్నారు. మళ్ళీ అన్నారు. ఇన్నేళ్లుగా ఆయనకు చప్పట్లు, శాలువాలు ఆ మాటకే. చప్పట్లంటే ఆయనకు ప్రాణం. కాలెలాగూ విరిగింది, మిగతాది తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు. కర్ర పడేశాడు. నెత్తురోడుతున్న ఆ చేతిని సాకేత్ చేతిలో పెట్టి, ఆ మాట తనూ గట్టిగా అన్నాడు.

చప్పట్లు ఆగలేదు. సాకేత్ లేవలేక కూర్చునే తాళి కట్టాడు. ఊరంతా ఆఖరి మాట కోసం నోరు తెరిచింది.

పెళ్ళికూతురు ముసుగు తీసి, చీరుకుపోయిన చేత్తో వెంకట్రాం మొలతాడు చూపిస్తూ అంది: "బాపూ, ఇగ తాళం తియ్యి, లోపల ఎల్లేశన్న ఉక్కకు ఆగమైతుండు."