గ్రేసు మార్కులు

“కాస్త అటూ ఇటుగా ఉంటే పాస్ చేసెయ్యండి డాక్టరుగారూ! నా సర్వీసు మొత్తంలో ఒక్కణ్ణి కూడా ఫెయిల్ చెయ్యలేదు నేను,” అన్నారు మాస్టారు, పెదవులు కదిలీ కదలకుండా.

ఆ ఊరికొచ్చి ఆర్నెల్లయిన డాక్టరు రక్తపరీక్ష రిపోర్టు ఆయన ముందుకు జరిపాడు.

“ఇది అటూ ఇటూ కాదు మాస్టారూ. తెల్లకణాలు పదకొండు వేలు దాటకూడదు. మీకు పదిహేడు వేలు. సీఆర్పీ పదిలోపు ఉండాలి. మీది తొంభై!”

“తొంభై అంటే డిస్టింక్షనే కదా!”

మాస్టారి భార్య నెత్తి కొట్టుకుంది. “రిటైరైనా ఈ మార్కుల గోల వదల్లేదు. అసలు సంగతేంటో చెప్పండి డాక్టరుగారూ. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.”

“ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉందమ్మా. దాంతో పోట్లాడ్డానికి తెల్లకణాలు గుంపులుగా బయల్దేరాయి. సీఆర్పీ అంటారా, ఎక్కడో వాపు ఉందని లివరు పెట్టే కేక. రక్తం చాడీ చెబుతుంది గానీ అడ్రసు చెప్పదు. అది మీరే చెప్పాలి మాస్టారూ. నొప్పెక్కడ?”

“ఎక్కడా లేదు.”

“దగ్గు? కాళ్ళ మీద పుండ్లు?”

“అబ్బే.”

“ఏదీ, నోరు తెరవండి.”

“దేనికి? శుభ్రంగానే ఉంది,” అని మాస్టారు పెదవులు బిగించి గోడగడియారం వైపు చూడసాగారు.

“వారం నుంచీ పాలల్లో నానేసిన బ్రెడ్డు తప్ప ఏదీ ముట్టట్లేదండీ. అడిగితే వైరాగ్యం అంటారు,” అంది భార్య.

డాక్టరు ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, గ్లాసు నింపి, జ్వరం మాత్రతో పాటు చేతికిచ్చాడు. మాస్టారు తల కుడివైపుకి వాల్చి, అతి జాగ్రత్తగా ఒక గుక్క మింగబోయారు. నీళ్ళకేం తెలుసు, ఎడమవైపుకీ పోయాయి. ఆయన పెట్టిన కేకకి బయట వరసలో కూర్చున్నవాళ్ళలో ఇద్దరు లేచి ఇళ్ళకి వెళ్ళిపోయారు.

“పన్నా?” అంది భార్య.

“పన్నే,” అన్నారు మాస్టారు దొరికిపోయిన దొంగలా.

డాక్టరు టార్చి వేసి చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

“దవడపన్ను కింద చీము పట్టింది. ఉత్త మందులతో లొంగదు, ఇవాళే తీయించెయ్యాలి. చీము మెడలోకి దిగిందంటే ప్రాణాల మీదికొస్తుంది.”

భార్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. మాస్టారికి మాత్రం చెమటలు పట్టాయి.

“పక్క ఊరు వెళతానండీ.”

“అంత వ్యవధి లేదు. ఇక్కడే ముగ్గురు పళ్ళ డాక్టర్లున్నారుగా. ఆ మూలమీదున్నతను?”

“వాడికి సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది.”

“మందుల షాపు మేడమీద డాక్టరమ్మ?”

“కుడీ ఎడమా తేడా తెలీదు. మంచి పన్ను పీకేస్తుంది.”

“పోనీ, కొత్తగా బోర్డు పెట్టినతను?”

“రక్తం చూస్తే నాకంటే ముందు వాడే పడిపోతాడు.”

డాక్టరుకి ఒళ్ళు మండింది. “భయంగా ఉంటే భయమని చెప్పండి! వాళ్ళమీద నిందలెందుకు? ఎప్పుడైనా వాళ్ళ గడప తొక్కారా?”

“లేదు.”

“మరి ఇవన్నీ మీకెలా తెలుసు?”

మాస్టారు తల దించుకున్నారు. భార్యే కళ్ళు తుడుచుకుని జవాబు చెప్పింది.

“డెంటల్ కాలేజీలో వాళ్ళందర్నీ పాస్ చేసింది ఈయనే.”