బొల్లిపెట్ట కింద చివరి గుడ్డు

పెరడంతా తన కూతకే లేవాలనే పుంజును కోళ్లన్నీ కలిసి తరిమేశాయి. ఇక గంపగంపకీ ఓ పెద్దను ఎన్నుకుందామనుకుని, అందాకా పెత్తనం ముసలి బాతుకి అప్పగించాయి.

"ఎన్నికలకేం, రేపే పెడతాను. కానీ గుడ్ల మీదున్న తల్లిని వదిలేసి ఓట్లేంటర్రా? పాపం కదూ!" అంది బాతు.

అప్పటికి గుడ్ల మీదున్నది బొల్లిపెట్ట ఒక్కతే. బాతుది ఎంత మంచి మనసో అనుకుంది.

ఇరవయ్యొక్క రోజులకి పిల్లలన్నీ దిగాయి, ఒక్క గుడ్డు తప్ప. "దాన్నీ కానియ్యమ్మా, తొందరేముంది!" అంది బాతు.

ఇంకో నెల గడిచింది. గంపలకి నూకలు పంచే బాతు బాగా బలిసింది. బొల్లిపెట్ట చిక్కి సగమైంది. "నీ మూలానే అన్నీ ఆగిపోయాయి" అని తోటి కోళ్లు సూటిపోటి మాటలంటుంటే, ఓ పొద్దున ఉండబట్టలేక గుడ్డును ముక్కుతో పొడిచింది. ఠంగుమంది. అది నున్నటి గులకరాయి. అలాంటి రాళ్లు కుంట అడుగునే ఉంటాయి. అంత లోతుకి మునిగేది పెరడు మొత్తానికి బాతొక్కటే.

బొల్లిపెట్ట రాయిని దొర్లించుకుంటూ పోయి బాతు ముందు పెట్టింది.

"ఇక మీరు కూర్చోండి పెద్దయ్యా. ఇది పిల్లయ్యేదాకా లేవకండి. ఈలోగా మేం ఓట్లేసొస్తాం."