గాలిలో నరం

మెడనొప్పి వల్ల పన్నెండేళ్ల కిందటే ఆపరేషన్లు మానేసిన డాక్టర్ గోవర్ధనం, శిష్యురాలు మృదుల పట్టుబట్టి నెల్లాళ్లు సాధన చేయించాక మళ్లీ థియేటర్‌లో కూర్చున్నారు. మగ్గం నేసే ఆవిడకు తెగిన బొటనవేలు అతికించాలి. అలవాటు కొద్దీ తల వంచి, ఎప్పుడో మాయమైన మైక్రోస్కోపుకు కళ్లు ఆనించబోయారు.

"అక్కడేం లేదు సార్, ఎదురుగా చూడండి," అంది మృదుల.

ఎదురుగా గాలిలో, కొత్త కెమెరా తేల్చి చూపే బొమ్మలో, వెంట్రుకంత నరం మోకంత లావున కనిపిస్తోంది. నిటారుగా కూర్చునే కుట్టారు. అయిదు గంటలు గడిచేసరికి ఆ వేలు రక్తం పారి ఎర్రబడింది.

బయటికి రాగానే నర్సు మరియమ్మ వెనకటిలాగే వేడినీళ్ల సంచీతో ఎదురొచ్చింది.

"దేనికమ్మా ఇది?"

"మీ మెడకండీ."

తనకు మెడ ఒకటుందని అప్పుడు గుర్తొచ్చిన గురువుగారు, శిష్యురాలి వైపు తిరిగి చేతులు జోడించారు.