సగం మీసం పూచీ

అక్క మొగుడి కుడివైపు మీసం నున్నగా గొరిగేసి కత్తి తుడుచుకున్నాడు బార్బరు.

కుర్చీలో కునుకు తీస్తున్న బావ కళ్లు తెరిచి, అద్దంలో చూసుకుని అదిరిపడ్డాడు. "ఇదేంట్రా?"

"నా దగ్గర లక్ష తీసుకుంటూ ఏమన్నావు బావా? 'మన మధ్య కాగితాలెందుకురా, ఏడాదిలో ఇవ్వకపోతే మీసం తీయించుకుంటా' అన్నావు. రెండేళ్లయింది."

బావ ముఖం వెలిగిపోయింది. "అన్నాను, తీయించుకున్నాను! ఇక నీకూ నాకూ చెల్లు. కాదంటే కాగితం చూపించు."

బార్బరు చేతిలోని కత్తి వైపు చూసుకున్నాడు. ఉన్న ఒక్క పూచీనీ తన చేత్తోనే గొరిగేశాడు.

అంతలో మిగిలిన సగం కంటబడింది. కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు.

"సగమేగా తీసింది. వెళ్లిరా బావా."

"ఇలాగా? బయట కార్లో మా కొత్త వియ్యంకుడున్నాడురా!"

"నోటు రాసి సంతకం పెట్టు, రెండోవైపూ తీస్తా."

బావ మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"పెన్నేదిరా?"