లెక్కింపు పూర్తయ్యేదాకా

“ఆ కార్డు ఇలా ఇవ్వు,” అంటూ ఆర్లిస్ బల్ల మీదికి వంగి సిగ్నే చేతిలోంచి దాన్ని లాగేసుకుంది. “ఇది పోస్టులో పడిందంటే నీ కొంపా నా కొంపా రెండూ మునుగుతాయి.”

“కరపత్రాలు వేసినవాళ్ళకి థాంక్స్ చెప్పడం కూడా నేరమేనా?”

“ఎన్నిక అయ్యేదాకా నేరమే. బయటివాళ్ళు నీ కోసం సొంత డబ్బు ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చు. కానీ నీతో మాటామంతీ ఉండకూడదు. ఉన్నట్టు తేలితే జరిమానా, పేపర్లో పరువు నష్టం. అవతలివాళ్ళు దానికోసమే కాచుక్కూచున్నారు.”

ఆర్లిస్ బ్యాంకులో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు సిగ్నే ప్రచారానికి కోశాధికారి. ఎన్నికల ఖర్చుల చట్టం ఆమెకు కంఠతా వచ్చు. కార్డును ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి, “లెక్కింపు పూర్తయ్యాక నువ్వే తీసుకెళ్ళు,” అంది.

సిగ్నే ఊళ్ళోని పన్నెండు పడకల ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసింది. అక్కడ కాన్పుల వార్డు ఎత్తేస్తారని తెలిసిన రోజున, నిండు చూలాళ్ళు మంచులో అరవై మైళ్ళు పోవాలా అని మండిపడి, డెమోక్రాట్ల తరఫున రాష్ట్ర శాసనసభకి నామినేషన్ వేసేసింది. అవతలి అభ్యర్థి వెనక పెద్దాస్పత్రుల సంఘం ఉంది. టీవీ పెడితే చాలు, అతని మొహమే. సిగ్నే వెనక ఉన్నది ఆర్లిస్, ఈ వంటింటి బల్ల, చర్చి ఆడవాళ్ళు ఇచ్చిన పది ఇరవై డాలర్లు.

ఆగస్టులో దేవుడు పంపినట్టు ఆ కరపత్రాలు వచ్చాయి. నియోజకవర్గంలో ప్రతి గడపకీ వచ్చాయి. బొమ్మలో ఎప్పటిదో మంచు తుఫాను, ఆస్పత్రి వాకిట్లో ఎర్ర ట్రాక్టరు, దాని మెట్టు మీద పడుచు సిగ్నే, ఆమె కోటులో చుట్టిన పసిగుడ్డు. కింద ఒకే వాక్యం: ‘ఆ రోజు దారి మూసుకుపోయింది, ఆస్పత్రి మూసుకుపోలేదు.’ అట్టడుగున, చట్టం కోరినట్టు, చిన్న అక్షరాలు: ‘ఖర్చు భరించినవారు: ఊరి ఆస్పత్రి మిత్రులు, పోస్టు బాక్సు 61, ఓస్లండ్. అభ్యర్థి అనుమతితో వేసింది కాదు.’

అంతవరకు సిగ్నేని చూసి తలుపు వేసుకున్నవాళ్ళు కూడా లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు.

“ఈ ఫొటో వాళ్ళకెలా దొరికిందో,” అంది సిగ్నే.

“పాత పేపర్లోంచి తీసుంటారు.”

“ట్రాక్టరు మా అన్నయ్యది.”

సిగ్నే అన్న ఓర్విల్ నలభై ఏళ్ళుగా రిపబ్లికన్. చెల్లెలు నామినేషన్ వేశానని చెబితే, “బాగా ఆలోచించుకున్నావా?” అని ఒక్క మాట అడిగాడు. జూన్ మొదట్లో ఆ అడిగిందే కడపటి మాట. ఏటా జూలై నాలుగు స్వాతంత్ర్య దినోత్సవం ఊరేగింపుకి ఇచ్చే ఎర్ర ట్రాక్టరుని, సరిగ్గా వారం ముందు వేలంలో అమ్మేశాడు. చెల్లెలు ఎక్కుతుందనే అమ్మేశాడని ఊరంతా అనుకుంది. సిగ్నే ఊరేగింపులో నడిచింది. రోడ్డు మీద చెయ్యి ఊపితే పికప్ ట్రక్కు అద్దం పైకెత్తేసుకున్నాడు. అక్టోబరులో చర్చివాళ్ళు పెట్టే లూటెఫిస్కు చేపల విందులో ఆమె వరసలో తన వెనకే నిలబడిందని చూసి, నిండు కంచం అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చేపంటే ప్రాణం పెట్టే మనిషి.

ఆ రోజు ఇంటికొచ్చి సిగ్నే ఏడ్చింది. “అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలింది వాడొక్కడే ఆర్లిస్. ఆస్పత్రి నిలబెట్టుకుందామని వెళ్ళి అన్నయ్యని పోగొట్టుకున్నాను.”

“పార్టీ పిచ్చి పట్టినవాడికి రక్తం నీళ్ళతో సమానం. వదిలెయ్యి తల్లీ.”

“ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇంత చేస్తున్నారే, తోడబుట్టినవాడు పలకరించడేం?” కళ్ళు తుడుచుకుని ఫ్రిజ్ మీది కార్డు వంక చూసింది. ఆ పేరు తెలియని పుణ్యాత్ములని తలుచుకుంటే ఆమెకి కొంచెం ధైర్యం వచ్చేది. రోజూ ప్రార్థనలో వాళ్ళ పేరు చోట అరవై ఒకటి అనే చెప్పుకునేది.

నవంబరులో సిగ్నే రెండువందల పద్నాలుగు ఓట్ల తేడాతో గెలిచింది.

మర్నాడు పొద్దున్నే ఆర్లిస్ తన చేత్తో కార్డు తీసిచ్చింది. “ఇప్పుడు ఎంత పొగుడుకుంటావో పొగుడుకో.”

సిగ్నే ఇరవై మైళ్ళు కారు నడుపుకుని ఓస్లండ్ పోస్టాఫీసుకి వెళ్ళింది. కిటికీ దగ్గర గుమాస్తాకి కార్డు ఇస్తే, అతను వెనకనుంచి అరవై ఒకటో పెట్టెలో పడేశాడు. ఆ పెట్టె తెరవడానికి ఎవరొస్తారో చూసి, చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పి పోదామని హీటరు పక్కన బల్ల మీద కూచుంది.

గంటకి తలుపు తెరుచుకుంది. టోపీ మీద మంచుతో ఓర్విల్ లోపలికొచ్చాడు. సిగ్నే అలవాటుగా మొహం తిప్పుకుంది. ఈసారి అతను వెనక్కి పోలేదు.

“లెక్కింపు పూర్తయిందా?” అన్నాడు.

ఐదు నెలల తర్వాత తొలి మాట. “అయింది,” అంది సిగ్నే పొడిగా.

“అన్ని పోలింగ్ బూత్‌లదీనా? ఇంకేం మిగల్లేదుగా?”

“ఏం లేదు. గెలిచాను. ఇంకా కోపం తీరలేదా అన్నయ్యా?”

ఓర్విల్ గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “అయితే, ఎలా ఉన్నావు చెల్లీ?” అన్నాడు.

ఆ మాట అంటూనే జేబులోంచి తాళంచెవి తీసి అరవై ఒకటో నంబరు పెట్టె తెరిచాడు.